చెస్ ప్రపంచకప్ ఫైనల్‌ని రాపిడ్‌తో తేల్చడం న్యాయమేనా?

నల్లగుర్రం:
జార్జియాలోని బటూమిలో మహిళల చెస్ ప్రపంచకప్ ఫైనల్. కోనేరు హంపి, దివ్య దేశ్‌ముఖ్ రెండు క్లాసికల్ (గంటల తరబడి సాగే) గేములూ డ్రా చేసుకున్నారు. 2025 జులై 28న టైబ్రేక్, అంటే విజేతని తేల్చే తక్కువ టైమ్ గేములు. మొదటి రాపిడ్ (ఒక్కొక్కరికి 15 నిమిషాల గేము) డ్రా, రెండోదాంట్లో హంపి తెల్లపావులతో ఆడి టైమ్ చాలక ఓడింది. మూడు వారాలు క్లాసికల్ ఆడించి, కప్పు మాత్రం 15 నిమిషాల గేముతో ఇస్తారా? ఇంకో రెండు క్లాసికల్ గేములు పెట్టాల్సింది.

బెజవాడ_బంటు:
హంపి 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో రాపిడ్ ప్రపంచ ఛాంపియన్. మాస్కోలో చైనా క్రీడాకారిణి లీ టింగ్‌జీ మీద ఆర్మగెడాన్‌లో (డ్రా అయితే నల్లపావులదే గెలుపు అనే ఆఖరి గేము) నల్లపావులతో డ్రా చేసి టైటిల్ తెచ్చుకుంది. ఆ రోజు అన్యాయమని ఎవరైనా అన్నారా?

నల్లగుర్రం:
అది రాపిడ్ టోర్నమెంటే కదా! ఇది క్లాసికల్ కప్పు.

ఏనుగు64:
బటూమి రాపిడ్‌లో ఎత్తుకి 10 సెకన్ల ఇంక్రిమెంట్ (అదనపు టైమ్) ఉందిగా.

నల్లగుర్రం:
10 సెకన్లలో ఎండ్‌గేమ్ (ఆట చివరి దశ) ఆడి చూడండి, తెలుస్తుంది. మా అమ్మాయి జిల్లా పోటీలో ఒక రూక్ (ఏనుగు) ఎక్కువుండి కూడా టైమ్ అయిపోయి ఓడింది. అసలు ఇంక్రిమెంటే పెట్టలేదు. అడిగితే ఆర్బిటర్ (అంపైర్) రూల్ చూపించి పంపేశాడు. ఆ పిల్ల నెల రోజులు బోర్డు ముట్టలేదు.

బెజవాడ_బంటు:
పాపం, బాధే. కానీ దానికీ బటూమికీ ఏమిటి సంబంధం? హంపి ఫైనల్‌కి ఎలా వచ్చిందో చెప్పరేం? సెమీస్‌లో మళ్లీ ఇదే లీ టింగ్‌జీని టైబ్రేక్‌లోనే, 5 నిమిషాల గేముల దాకా వెళ్లి ఓడించింది. ఆ టైబ్రేక్ ఒప్పు, ఇది తప్పా?

ఏనుగు64:
దీనికి జవాబు కావాలి.

నల్లగుర్రం:
జవాబా? అప్పటికి హంపికి 38, దివ్యకి 19. పాపని కని, రెండేళ్లు ఆటకి దూరమై తిరిగొచ్చి ఇంత దూరం వచ్చిన మనిషి ఆమె. ప్రతిదీ క్లాక్ మీదకి తోస్తే ఇల్లూ పిల్లలూ ఉన్న ఆడవాళ్లు ఎక్కడ ఆడాలి?

బెజవాడ_బంటు:
ఇదండీ మీ అసలు బాధ! మరి మొదటినుంచీ రూల్స్ అంటారేం? నాకు 21, నేనూ ఆడతాను. చిన్నవాళ్లం గెలిస్తే చాలు, వేగంతో గెలిచారంటారు. దివ్య ఒక్క గ్రాండ్‌మాస్టర్ నార్మ్ (ఆ టైటిల్‌కి కావాల్సిన టోర్నమెంట్ ఫలితం) కూడా లేకుండా వచ్చి, కప్పుతో పాటు ఆ టైటిల్ కూడా పట్టుకెళ్లింది. సెమీస్‌లో మాజీ ప్రపంచ ఛాంపియన్ టాన్ జోంగ్‌యీని క్లాసికల్‌లోనే ఓడించింది. అది కూడా వేగమేనా?

నల్లగుర్రం:
దివ్యని నేనేమీ అనలేదమ్మా. ఫైనల్‌కి నాలుగు క్లాసికల్ గేములు పెట్టమంటున్నాను.

బెజవాడ_బంటు:
పెట్టండి. సెమీస్‌కి కూడా పెట్టండి. అప్పుడు లీ టింగ్‌జీ ఫైనల్‌కి వచ్చినా ఒప్పుకోవాలి మరి.