ఆడీసినాను, అయిపోనాది, ఆడెట్టినాను: మూడూ ఒకటేనా?

మొన్న ఇక్కడ ఒక కుర్రాడు "ఆ గేమ్ ఆడీసినాను" అని రాస్తే, కింద ఒకాయన "అలా అనకూడదు, పూర్తిచేశాను అనాలి" అని దిద్దారు. నాది ఉత్తరాంధ్రలో రాజాం దగ్గర పల్లె. ఆ దిద్దుబాటు నాకు నచ్చలేదు. యాస మీద ప్రేమతో అంటున్న మాట కాదిది. ఆగస్టు 29న, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వారి పుట్టినరోజున, ఆయనకి దండ వేసి, 30న పిల్లల మాటలు దిద్దడం మనకి అలవాటే, ఆ పోట్లాట ఇంకోసారి పెట్టుకుందాం. నా అభ్యంతరం వేరు. "పూర్తిచేశాను" అంటే ఆట చివరిదాకా ఆడారని తెలుస్తుంది, అంతే. మా వైపు క్రియ వింటే ఆట ఎలా ఉందో కూడా తెలిసిపోతుంది. నేను ఆడి ముగించిన వీడియో గేములతోనే చెప్తాను.

"ఆడీసినాను"లో గొడవ వదిలిందన్న ఊరట ఉంది. అసాసిన్స్ క్రీడ్ వల్హల్లా (2020) నాకు అచ్చం అలాంటిదే. నార్వే నుంచి ఇంగ్లండు వెళ్లి ఒక్కో సీమతో పొత్తు కుదుర్చుకోవాలి. మొదటి మూడు నాలుగు సీమలు బాగుంటాయి. ఆ తర్వాత కోట తలుపు దుంగతో బద్దలు కొట్టు, లోపలున్న ద్రోహిని పట్టుకో, విందు చేసుకో, ఇంకో సీమకి పద. సముద్రం, కొండలు చూడ్డానికి బాగున్నాయి, కాదనను. కానీ సగం కోసేసినా కథకి లోటు రాదు. అది ఆడీసినాను. మళ్లీ ముట్టుకోను.

"కొట్టీసినాను" అంటే పౌరుషం. జీటీఏ వైస్ సిటీ (2002) రోజుల్లో శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నెట్ సెంటర్లో కూర్చుని ఆడీవోలం. అందులో బొమ్మ హెలికాప్టర్ మిషన్ ఎంతమందిని ఏడిపించిందో ఆడినవాళ్లకి తెలుసు. కడుతున్న బిల్డింగులోకి రిమోట్‌తో హెలికాప్టర్ని పోనిచ్చి, నాలుగు బాంబులు, ఒక్కోసారి ఒక్కటే మోసుకెళ్లి, ఒక్కో అంతస్తులో పెట్టాలి. మొదటి బాంబు ఎత్తిన దగ్గర్నుంచి గడియారం తిరుగుతుంది. మెట్ల మలుపులో రెక్క గోడకి తగులుతుంది, పనివాళ్లు మీదపడి బాదుతారు. అది దాటినవాడు "పూర్తిచేశాను" అంటాడా? "కొట్టీసినాన్రా!" అని అరుస్తాడు, పక్క క్యాబిన్ల వాళ్లు లేచి వస్తారు. ఇప్పుడు ఆడితే ఆ ఆటలో బండ్లు, పాటలు తప్ప మిగతాదంతా మొరటుగా ఉందనిపిస్తోంది. తుపాకీ గురి చూడ్డమైతే నరకం.

ఇక "అయిపోనాది". ఇందులో చేసినవాడు లేడు. నేను అవగొట్టలేదు, అదే అయిపోయింది, నాకు ఇష్టం లేకుండా. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 (2018) గురించి ఇంకో మాట నా నోట రాదు. (ఆడనివాళ్లు ఈ పేరా దాటేయండి.) 1899 నాటి అమెరికా. మనం ఆడే ఆర్థర్ మోర్గాన్ అప్పు వసూలుకి వెళ్లి ఒక జబ్బు మనిషిని కొడతాడు, ఆ మనిషి దగ్గు మొహం మీద పడుతుంది. మనకి అప్పుడేమీ అనిపించదు. చాలా గంటల తర్వాత ఆర్థర్ వీధిలో కూలబడితే డాక్టరు క్షయ అంటాడు. అక్కణ్ణుంచి ఆటలో డబ్బు సంపాదించబుద్ధి కాదు. అతను పోయాక కథ ఆగదు, అతని ముఠాలోని జాన్ మార్స్టన్‌తో ఇంకా చాలా ఉంది: కంచెకి మేకులు కొట్టడం, పాలు పితకడం. చాలామంది అది సాగదీతన్నారు. నాకు అలా అనిపించలేదు. ఇంటిపెద్ద పోయాక పెద్దకర్మ దాకా ఇంట్లో ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నట్టు ఉంటుంది ఆ భాగం. నాకు విసుగొచ్చింది అంతకుముందు, గ్వార్మా దీవిలో. ఆ అధ్యాయం కథకి అతకలేదు.

*

విజయనగరం నుంచి ఒక మాస్టారు:

వ్యాకరణం కూడా మీ పక్షమే బాబూ. "చేసి" మీద "వేయు" చేరితే చేసివేయు, అదే చేసేయు, మన దగ్గర చేసీ. "పోవు" చేరితే మన ప్రమేయం లేకుండా జరిగినట్టు: విరిగిపోయింది, మరిచిపోయాను. నేను వీడియో గేములు ఎరగను, చదరంగం ఆడతాను. "గేమ్ ఓవర్" అని తెర మీద పడేచోట "ఆట కట్టు" అనొచ్చు కదా? చక్కటి మాట ఉండగా ఎందుకు వాడరు?

*

రాజాం (మొదట రాసినది నేనే):

తప్పకుండా అనొచ్చు మాస్టారూ. ఆట కట్టు ఓడినవాడికే అంటాం, తెర మీద గేమ్ ఓవర్ కూడా చాలావరకు చచ్చినప్పుడే పడుతుంది. సరిగ్గా అతుకుతుంది. గెలిచి ముగించినవాడికి మాత్రం చెల్లదు.

*

పలాస నుంచి ఒకమ్మాయి:

అన్నయ్యా, "ఒగ్గీసినాను" (వదిలేశాను) మర్చిపోయారు. నా లిస్టులో సగం అవే. ఎల్డెన్ రింగ్ (2022) రెండుసార్లు ఒగ్గీసినాను, మొదటి పెద్ద కోట గుమ్మం ముందు అడ్డుపడే శత్రువు మార్గిట్ దగ్గరే. అందరూ గొప్పదంటారు, నాకు శిక్షలా ఉంది.

ఇంకోటి, మన దేశపుది. పుణె వాళ్లు చేసిన రాజీ (2020). తమ్ముణ్ణి రాక్షసులు ఎత్తుకుపోతే అక్క దుర్గమ్మ ఇచ్చిన త్రిశూలం పట్టుకుని వెతుకుతూ వెళ్తుంది. మధ్యలో కథ నీడబొమ్మల్లో చెప్తారు, మా తాతయ్య చూసి "ఇది తోలుబొమ్మలాటే కదే" అన్నాడు. కోటల గోడల మీద బొమ్మలు నిలబడి చూడాలనిపిస్తుంది. యుద్ధం అంత గొప్పగా లేదు, గెంతు తప్పి ఊరికే కింద పడిపోతాం. అసలు గొడవ చివర్లో. కథ ఇంకా ఉందనుకుంటుంటే పేర్లు పడిపోతాయి. నేను ఆడీలేదు, అది అయిపోలేదు. ఆగిపోనాది. బొమ్మలకి పది మార్కులు ఇస్తాను, ముగింపుకి రెండు.

*

రాజాం:

ఒప్పుకున్నానమ్మా. ఎల్డెన్ రింగ్ దగ్గర మాత్రం కాదు. మార్గిట్‌ని వదిలి ఇంకో దిక్కుకి పో, బలం పెంచుకుని తిరిగి రా. ఆ ఆట చేసేదే అది, పక్కకి తిరగనిస్తుంది.

ఒక క్రియ కావాలనే దాచాను. "ఆడెట్టు". చిన్నప్పుడు మారియోలో ఎనిమిదో లోకం దాటలేక అన్నల దగ్గరికెళ్లి "అన్నా, ఇది ఆడెట్టవా" అనీవోలం. ఆడిపెట్టడం. పని నీది, చేత్తో చేసేది నేను.

నియర్ ఆటోమాటా (2017) ఆడారా? ఒకసారి ముగిస్తే అసలు ముగిసినట్టు కాదు. రెండోసారి దాదాపు అదే కథ ఇంకొకడి కళ్లతో. ఆ రెండో విడత నీరసం, మొహమాటం లేకుండా చెప్తున్నాను. మూడోసారి కథ కొత్తగా ముందుకి పోతుంది. ఆఖరి ముగింపులో ఆట తయారుచేసినవాళ్ల పేర్లే మన మీద తుపాకీ గుళ్లు కురిపిస్తాయి, ఒక్కడి వల్ల కాదు. చస్తూ ఉంటే లోకంలో ఎవరో ఆడినవాళ్లు మన పక్కన సాయంగా వచ్చి నిలబడతారు. గట్టెక్కాక ఆట అడుగుతుంది: ముక్కూ మొహం తెలియని ఇంకొకడికి ఇలాగే సాయం చేస్తావా, అయితే నీ సేవ్ మొత్తం చెరిపేస్తాను. అన్ని గంటల ఆటా పోతుంది. నేను సరేనన్నాను. దాన్ని పూర్తిచేశాను అనలేను, ఆడీసినాను అనలేను. ఎవరికో ఆడెట్టినాను.

*

విజయనగరం మాస్టారు:

ఇలాంటిచోట "పెట్టు" ఎదుటివాడి కోసమే బాబూ. రాసిపెట్టు, వండిపెట్టు, చూసిపెట్టు. సాయం పొందినవాడు ఎవరో తెలియకపోయినా క్రియ చెల్లుతుంది. ఆ పిల్లవాణ్ణి దిద్దినాయన ఈ చర్చ చూస్తే బాగుండు.

*

పలాస అమ్మాయి:

చూశారు మాస్టారూ, లైకు కొట్టీసినారు. మార్గిట్ దగ్గరికి ఇంకోసారి ఎల్తాను. ఈసారి కూడా అవకపోతే అన్నయ్యే ఆడెట్టాలి.