ప్రెగ్నెన్సీ టెస్ట్‌లో టి దగ్గర గీత చాలా లేతగా ఉంది, నమ్మొచ్చా?

ఇంట్లో చేసుకునే ప్రెగ్నెన్సీ టెస్ట్ గురించి బాగా తెలిసినవాళ్లు, ముఖ్యంగా నర్సులు, ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు దయచేసి చెప్పండి.

మా చెల్లి ఈ రోజు పొద్దున టెస్ట్ చేసుకుంది. పట్టీ మీద సి (కంట్రోల్) దగ్గర గీత ముదురుగా వచ్చింది. టి (టెస్ట్) దగ్గర మాత్రం వెలుతురుకి పెట్టి చూస్తేనే కనపడేంత లేత గీత. పైగా ఐదు నిమిషాలకి కాకుండా, పట్టీ ఆరిపోయాక చూసింది. ఇదివరకు ఒకసారి గర్భం నిలవలేదు, అందుకే ఆశ పెట్టుకోవడానికే భయపడుతోంది.

నేను చదివినంతవరకు, పిండం గర్భాశయం గోడకి అంటుకున్నాకే హెచ్‌సీజీ హార్మోన్ ఒంట్లోకి రావడం మొదలవుతుంది. మూత్రంలో అది ఉంటే, పట్టీలో రంగు కణాలకి అతికించిన యాంటీబాడీలు దాన్ని పట్టుకుని ముందుకు వెళ్తాయి. టి దగ్గరున్న మరో యాంటీబాడీ వాటిని ఆపేస్తుంది, అక్కడ రంగు పేరుకుని గీత పడుతుంది. సి గీతకి ఆ హార్మోన్‌తో పనిలేదు, టెస్ట్ సరిగ్గా జరిగిందని చెప్పడానికే. తొలి వారాల్లో ఈ హార్మోన్ సుమారు 48 నుంచి 72 గంటలకోసారి రెట్టింపవుతుందట.

మరి మూత్రం ఆరిపోవడం వల్ల పడే మరకనీ, నిజమైన లేత గీతనీ ఎలా గుర్తుపట్టాలి? గులాబీ రంగు కనిపిస్తే నిజమైనదేనా, బూడిద రంగయితే కాదా? రెండు రోజులాగి తెల్లవారుజామున మళ్లీ చేస్తే చాలా, లేక వెంటనే రక్తపరీక్ష చేయించాలా? తను థైరాయిడ్ మాత్రలు వాడుతోంది. వాటివల్ల ఫలితం మారుతుందా?