గాజుకప్పల వర్గీకరణ: భుజం ముల్లును పక్కన పెట్టడం న్యాయమేనా?

ఎముకలగూడు:
సెంట్రోలెనిడే, అంటే గాజుకప్పల (చర్మం పారదర్శకంగా ఉండే కప్పల) కుటుంబం గురించి చాలాకాలంగా నన్ను తొలిచేస్తున్న ప్రశ్న ఇది. 1991లో రూయిజ్-కర్రాన్సా, లించ్ అనే శాస్త్రవేత్తలు ఈ కుటుంబాన్ని మూడు ప్రజాతులుగా (జీనస్‌లు, అంటే దగ్గరి జాతుల గుంపులుగా) సర్దారు. మగకప్ప భుజాస్థికి (మోచేతికి పైనుండే ఎముకకి) ముల్లు ఉంటే సెంట్రోలీన్. ముల్లు లేకుండా, కాలేయం గుండ్రంగా ఉబ్బి దానిమీద తెల్లటి పొర ఉంటే హయాలినోబాట్రాకియం. ఆ రెండూ లేకపోతే కోక్రనెల్లా. ఒక మగకప్ప చేతిలో ఉంటే చాలు, అది ఏ ప్రజాతో తేలిపోయేది.

2009లో గుయాసమిన్ బృందం డీఎన్ఏ ఆధారంగా దీన్నంతా తిరగరాసింది. రెండు ఉపకుటుంబాలు, పన్నెండు ప్రజాతులు వచ్చాయి. ఇప్పుడు ముల్లున్న కప్పలు సెంట్రోలీన్‌తో పాటు ఎస్పడరానా, కైమెరెల్లా, ఇకాకోగిలలోనూ ఉన్నాయి. కొన్ని ప్రజాతులకైతే "ఇది చూస్తే చాలు, ఇదే ప్రజాతి" అని చెప్పగల లక్షణమే లేదు. మ్యూజియం సీసాలో ఉన్న పాత నమూనాని ముందు పెట్టుకుని కూర్చున్న మనిషికి ఈ వర్గీకరణ ఏ రకంగా సాయపడుతుంది? కంటికి కనిపించని గీతలతో ప్రజాతులను విడగొట్టడం సరికాదని నా అభిప్రాయం. మీరేమంటారు?

పచ్చటాకు:
ఎముకలగూడు గారూ, పాత పద్ధతిలో అసలు ఇబ్బంది కోక్రనెల్లాతోనే. ముల్లూ లేదు, తెల్ల కాలేయమూ లేదు కాబట్టి ఇవన్నీ ఒక గుంపు అన్నారు. మీసాలు లేనివాళ్లందరిదీ ఒకటే ఇంటిపేరు అన్నట్టుంది ఇది. ఒక లక్షణం లేకపోవడం చుట్టరికానికి సాక్ష్యం కాదు. వెనిజులాలో దొరికే సెల్సియెల్లా కప్పలను చూడండి. అవి ఒకప్పుడు కోక్రనెల్లాలోనే ఉండేవి. డీఎన్ఏ చూస్తే వాటి దగ్గరి బంధువు హయాలినోబాట్రాకియం అని తేలింది.

ఇంకో సంగతి మీరు వదిలేశారు. డీఎన్ఏ వచ్చి పాతదాన్నంతా కూల్చేయలేదు. 1991 నాటి హయాలినోబాట్రాకియం చాలావరకు అలాగే నిలబడింది. ఎందుకంటే దాన్ని పట్టి ఉంచేది ఒక్క లక్షణం కాదు. కాలేయం తమ్మెలుగా చీలకుండా ఉబ్బెత్తుగా ఉంటుంది, ఎముకలు తెల్లగా ఉంటాయి (అవతలి ఉపకుటుంబం సెంట్రోలెనినేలో చాలావాటికి బతికి ఉన్నప్పుడు ఎముకలు పచ్చగా ఉంటాయి), గుడ్లు సాధారణంగా ఆకు అడుగుభాగాన పెడతాయి, చాలా జాతుల్లో మగకప్పే వాటికి కాపలా కాస్తుంది. ద్రావకంలో భద్రపరిస్తే మీగడ రంగుకి మారతాయి. సెంట్రోలెనినేలో ఎక్కువవాటి వీపు మాత్రం లేత ఊదా రంగుకి తిరుగుతుంది. మీ సీసాలోని కప్ప ఏ ఉపకుటుంబానిదో చెప్పడానికి ఇవాళ్టికీ ఆ రంగు పనికొస్తుంది. పలు లక్షణాల మీద నిలబెట్టిన గుంపు మిగిలింది, ఒకే ముల్లు మీద నిలబెట్టిన గుంపు చెదిరింది. నాకైతే ఇందులో అన్యాయం కనిపించడం లేదు.

వాగుగట్టు:
నేను రాత్రిపూట వాగుల వెంట కప్పల సర్వేలు చేసే మనిషిని. మా పనిలో జాతి ఏమిటన్నదే ముందు తేలాలి, ప్రజాతి తర్వాత. అందుకే ఒక ఉదాహరణ చెప్తాను.

ఈక్వడార్‌లో ఆండీస్ పడమటి వాలు మీద గుయల్యబాంబా నది లోయకు అటూ ఇటూ ఉన్న కప్పలను ఒకప్పుడు హయాలినోబాట్రాకియం వాలెరియోయి అనే అనుకునేవారు. 2022లో వాటిని మష్పి, నౌన్స్ అని రెండు కొత్త జాతులుగా వర్ణించారు. రెండింటినీ పక్కపక్కన పెడితే తేడా పట్టడం చాలా కష్టం. డీఎన్ఏలో మాత్రం స్పష్టమైన దూరం ఉంది. వాలెరియోయి కోస్టారికా నుంచి ఈక్వడార్ దాకా విస్తరించిన జాతి, దాని పేరు కింద ఉన్నంతకాలం వీటి గురించి ఎవరికీ టెన్షన్ ఉండదు. విడదీసి చూస్తే ఇవి చిన్న ప్రాంతానికే పరిమితమైనవి, పైగా అక్కడ గనుల తవ్వకం ముప్పు ఉంది. కంటికి కనిపించే తేడాలే కావాలని పట్టుబడితే ఇలాంటివి మనకు తెలియకుండానే పోతాయి.

ఎముకలగూడు:
వాగుగట్టు గారూ, జాతుల విషయంలో మీతో నాకు పేచీ లేదు. నా ప్రశ్న ప్రజాతి, కుటుంబం గీతలు ఎవరు గీస్తున్నారన్నది. డీఎన్ఏ చెట్టును, అంటే వంశవృక్షాన్ని ఇస్తుంది, ఏ కొమ్మ దగ్గర ఏ పేరు పెట్టాలో చెప్పదు.

అల్లోఫ్రైనే సంగతి తీసుకోండి. అమెజాన్, గయానా ప్రాంతాల కప్ప. గాజుకప్పలా పారదర్శకంగా ఉండదు. అయినా గాజుకప్పలకు అతి దగ్గరి చుట్టం అదే. 2006లో ఫ్రాస్ట్ బృందం దాన్ని గాజుకప్పల కుటుంబంలోకి తెచ్చి ఉపకుటుంబం చేసింది. 2009లో గుయాసమిన్ బృందం దాన్ని వేరే కుటుంబంగానే ఉంచింది. చుట్టరికం దగ్గర ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు, పేర్ల దగ్గరే విడిపోయారు. నేను వేరుగా ఉంచడానికే ఓటేస్తాను. చీలమండలోని రెండు పొడవాటి ఎముకలు పూర్తిగా కలిసిపోవడం, గుడ్లను నీటికి పైన ఆకుల మీద పెట్టడం, పొడవాటి టాడ్‌పోల్‌లు వాగు అడుగున బురదలో, ఆకుచెత్తలో దూరి పెరగడం, ఇవన్నీ కలిస్తేనే గాజుకప్ప. అంటే చివరి నిర్ణయానికి మళ్లీ ఎముకలూ జీవనశైలీ కావాల్సి వచ్చాయి. అలాంటప్పుడు ముల్లును మాత్రం ఎందుకు తోసేయాలి?

పచ్చటాకు:
తోసేయలేదండీ, దాన్ని చదివే తీరు మారింది. ఆ ముల్లు మగకప్పల పోరాటాలకు పనికొచ్చే ఆయుధం. ఎస్పడరానా ప్రోసోబ్లెపాన్ మగవి చోటు కోసం ఆకులకు వేలాడుతూ కలబడతాయి. పోటీ పెరిగిన చోట ఆయుధం పెరగవచ్చు, తగ్గిన చోట పోవచ్చు. ఇలాంటి లక్షణం వేర్వేరు కొమ్మల్లో వచ్చిపోతూ ఉంటే దాన్ని ప్రజాతికి సరిహద్దురాయిగా పాతలేం. కైమెరెల్లాలో ముల్లూ ఉంది, తెల్లటి పొరా ఉంది. 1991 పద్ధతిలో దాన్ని ఎక్కడ పెడతారు?

నిజానికి మీరు అడగాల్సింది ఇకాకోగి గురించి. కొలంబియాలోని సియెర్రా నెవాడా డి శాంతా మార్తా పర్వతాల కప్ప అది. 1991లో ముల్లు చూసి సెంట్రోలీన్ అన్నారు. 2009లో ఏ ఉపకుటుంబంలోనూ ఇమడక విడిగా ఉంచారు. తర్వాత మరింత డీఎన్ఏ చూశాక సెంట్రోలెనినేకి మొదట్లోనే చీలిన కొమ్మ అని తేలింది. అందులో తల్లికప్ప గుడ్ల దగ్గర చాలాకాలం ఉండి సాకుతుంది. అంత పాత కొమ్మలోనూ ముల్లు ఉందంటే, ఆ ఉపకుటుంబం పూర్వీకుడికే అది ఉండి కొన్నింటిలో పోయిందా, లేక పలుమార్లు పుట్టిందా? చెట్టు లేకుండా ఈ ప్రశ్న అడగడమే కుదరదు.

కొత్తచూపు:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. వీటికి పేరు తెచ్చిందే పారదర్శకత కదా, దాన్ని బట్టే విడదీయకూడదా? పొట్టలోంచి గుండె కనిపించేవి ఒక గుంపు, కనిపించనివి ఒక గుంపు అని?

వాగుగట్టు:
కుదరదండీ. గుండె కనిపించడం, కనిపించకపోవడం ఒకే ప్రజాతిలో కూడా మారుతుంది. 2017లో వర్ణించిన హయాలినోబాట్రాకియం యాకులో గుండె బయటికే కనిపిస్తుంది, అదే ప్రజాతిలో మరికొన్నింటి గుండె తెల్లటి పొర చాటున ఉంటుంది. పైగా పారదర్శకత ఒకే కప్పలో పూట పూటకూ మారవచ్చు. 2022లో వచ్చిన పరిశోధన ప్రకారం హయాలినోబాట్రాకియం ఫ్లైష్‌మానీ నిద్రపోయేటప్పుడు దాదాపు 89 శాతం ఎర్ర రక్తకణాలను కాలేయంలో దాచేస్తుంది. దాంతో రెండు మూడు రెట్లు ఎక్కువ పారదర్శకమవుతుంది. లేచి తిరిగేటప్పుడు రక్తం మళ్లీ ఒంటినిండా పారుతుంది. అన్ని కణాలు ఒకచోట చేరినా రక్తం గడ్డకట్టకపోవడం వైద్యులకు కూడా ఆసక్తి కలిగించే విషయం.

ఎముకలగూడు గారి బాధ మాత్రం నాకు అర్థమవుతుంది. కప్పల అక్రమ రవాణాను తనిఖీ చేసేవాళ్ల దగ్గర డీఎన్ఏ యంత్రం ఉండదు. 2022 నవంబరులో పనామాలో జరిగిన సైటీస్ (ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) సమావేశం కుటుంబం మొత్తాన్ని రెండో అనుబంధంలో, అంటే వ్యాపారానికి అనుమతి కావాల్సిన జాబితాలో చేర్చడానికి ఒక కారణం అదే. ఒక జాతికీ ఇంకోదానికీ తేడా పట్టలేరు కాబట్టి అన్నింటికీ ఒకటే నియమం పెట్టారు.

ఎముకలగూడు:
సరే, చెట్టే పునాదిగా ఉండనివ్వండి. కానీ కొత్త జాతిని వర్ణించే ప్రతివాళ్లూ డీఎన్ఏ వరుసతో పాటు భుజాస్థి, కాలేయం తమ్మెలు, ఎముకల రంగు, చేతివేళ్ల మధ్య పొర, గుడ్లు పెట్టే చోటు, కూత కూడా తప్పనిసరిగా నమోదు చేయాలని నేను పట్టుబడతాను. 2007లో నింఫార్గస్‌ను కోక్రనెల్లా నుంచి విడదీసినప్పుడు బయటి చేతివేళ్ల మధ్య పొర లేకపోవడాన్ని గుర్తుగా చూపించారు. మిగతా ప్రజాతులకు అలాంటి గుర్తు ఒక్కటి దొరక్కపోయినా, నాలుగైదు లక్షణాలు కలిపిన పట్టికైనా ఉండాలి. పచ్చటాకు గారూ, ముందు రూలిరానా, సాచటామియా, టెరటోహైలా ప్రజాతుల మధ్య తేడాలు రాద్దామా? అందరూ తికమకపడేది అక్కడే.

పచ్చటాకు:
రాద్దాం. టెరటోహైలాతో మొదలుపెడదాం, దానిలో బొటనవేలి దగ్గరి ముల్లు అన్ని జాతుల్లోనూ ఒకేలా ఉండదు. మొదటి గొడవ అక్కడే వస్తుంది.