వంచిపాట్టులో 'నతోన్నత': ప్రాస మనలాగే, యతి మాత్రం వేరు

కేరళ పడవ పందాల వీడియో కింద మొన్న ఒకరు అడిగారు: "వంచిపాట్టు అంటున్నారు కదా, ఈ వంచి మన నడుం వంచి, తల వంచి లాంటిదేనా? తెడ్డు వేసేటప్పుడు నడుం వంచుతారని ఆ పేరు వచ్చిందా?"

కాదండీ. మలయాళంలో వంచి అంటే పడవ, పాట్టు అంటే పాట. అంటే పడవపాట. పందెం పేరు వళ్ళంకళి. వళ్ళం కూడా పడవే, కళి అంటే ఆట. ఆరన్ముళలో పడవను పళ్ళియోడం అంటారు, అందులోని ఓడం మన ఓడకు చుట్టమే. ఇంతకంటే గొప్ప సంగతి ఆ పాట ఛందస్సులో ఉంది. గణవిభజన చేసే సరదా ఉన్నవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి.

వంచిపాట్టు అనగానే మలయాళీలకు గుర్తొచ్చేది 18వ శతాబ్దపు కవి రామపురత్తు వారియర్ రాసిన కుచేలవృత్తం. తిరువితాంకూరు రాజు మార్తాండవర్మ వైక్కం నుంచి తిరువనంతపురానికి పడవలో వెళ్తూ ఈ పేదకవిని వెంట తీసుకెళ్లాడని, ఆ ప్రయాణంలోనే ఇది పుట్టిందని చెప్పుకుంటారు. "నేను పేదవాణ్ణి, ఆదుకోండి" అని నోరు విడిచి అడగకుండా కుచేలుడి కథ పాడాడు. రాజుకు అర్థమైంది. కవి ఇంటికి తిరిగొచ్చేసరికి పాక ఉన్నచోట మంచి ఇల్లు ఉందట, అచ్చం కుచేలుడికి జరిగినట్టే.

మొదట్లోనే వైక్కం శివుణ్ణి తలుచుకునే పాదాలు ఇవి:

ముప్పారుమడక్కివాళుం వైక్కత్తు పెరుంతృక్కోవి-
లప్పా భగవానే పోఱ్ఱీ మఱ్ఱిల్లారుమే

(వాళుంలో 'ళు' నిజానికి మన పాత శాసనాల్లో కనిపించే 'ఴ' అక్షరం.) ముల్లోకాలనూ ఏలే వైక్కం పెద్దగుడి తండ్రీ, స్వామీ, నాకు ఇంకెవరూ లేరు అని భావం. ముప్పారులో 'ము' మన ముక్కంటిలోదే. కోవిల్ మన కోవెల. అప్పా గురించి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పాదాల రెండో అక్షరాలు చూడండి: ముప్పా, లప్పా. మన ద్విపదలో ప్రాస ఎలా పడుతుందో అలాగే పడింది! యతి మాత్రం మనది కాదు. మనకు యతి అంటే అక్షరమైత్రి, వాళ్లకు సంస్కృతంలోలాగా విరామం. రెండు పాదాల్లోనూ ఎనిమిదో అక్షరం దగ్గర ఆగాలి. 'వాళుం' దగ్గర, 'పోఱ్ఱీ' దగ్గర మాట కూడా అక్కడికే సరిగ్గా తెగింది.

ఈ వృత్తం పేరు నతోన్నత. నత, ఉన్నత: వంగడం, లేవడం. వంచిలో లేని వంగడం ఇక్కడ దొరికింది చూశారా! లక్షణం చెప్పినవారు మలయాళ వ్యాకరణకర్త ఏ.ఆర్. రాజరాజవర్మ, ఆ లక్షణ పద్యం మాత్రం అనుష్టుప్పులో ఉంటుంది. మొదటి పాదంలో రెండక్షరాల గణాలు ఎనిమిది, రెండో పాదంలో ఆరున్నర. అంటే పదహారు, పదమూడు అక్షరాలు. పైన వేళ్లు మడిచి లెక్కపెట్టి చూసుకోండి, సరిపోతుంది.

గురులఘువులు గుర్తు పెట్టబోతే మాత్రం చిక్కే. ఆరో అక్షరం మొదటి పాదంలో 'క్కి' లఘువు, రెండో పాదంలో 'నే' గురువు. గురులఘువులు ఒకే వరుసలో రాకపోతే మరి వృత్తం ఎలా అయింది? రాజరాజవర్మ జవాబు: అక్షరాలన్నీ గురువులే. పాడేటప్పుడు లఘువునూ సాగదీస్తారు. గణం ఉన్నది గొంతులో, కాగితం మీద కాదు. రెండో పాదంలో తగ్గిన మూడక్షరాల చోటు తెడ్డు మళ్లీ నీళ్లలో పడే వ్యవధి అని నాకనిపిస్తుంది.

అందుకే దీన్ని ఆరన్ముళలో వినాలి. ఓణం తర్వాత ఉత్తరాభాద్ర నాడు పంపానదిలో పార్థసారథి గుడి ముందుకు ఆ పళ్ళియోడాలు వస్తాయి. ఒక్కో కరకు, అంటే ఏటిగట్టున ఉన్న ఒక్కో ఊరికి, ఒక పడవ. ఆ పడవ దేవుడిది, చెప్పులతో ఎక్కరు. అక్కడ ముందు రావడం కంటే పాట, తాళం, తెడ్డు కలవడం ముఖ్యం. వళ్ళసద్య విందులో అయితే తెడ్డువేసేవాళ్లు తమకు కావలసిన వంటకాన్ని పాటలో అడుగుతారు, ఆతిథ్యం ఇచ్చేవాళ్లు అది తెచ్చి వడ్డించాలి. కవిత్వంతో అడిగి అన్నం తినే పద్ధతి ఇంత బాహాటంగా ఇంకెక్కడైనా ఉందా? 1952లో నెహ్రూ ముందు జరిగిన పందెంతో మొదలై, ఇప్పుడు ఆలప్పుళ పున్నమడ సరస్సులో జరిగే నెహ్రూ ట్రోఫీ పోటీ దారి వేరు. అది వేగం, టెన్షన్. నాకు ఆరన్ముళే ఇష్టం.

ఆ వీడియో కిందే "మనకు ఇలాంటివి లేవా" అన్నవారికి: హైలెస్సా అందరికీ తెలుసు, కానీ దాని తర్వాత వచ్చే చరణాలు ఎంతమందికి వచ్చు? ఈమధ్య సంక్రాంతికి ఆత్రేయపురంలో పడవ పందాలు పెడుతున్నారు. కోనసీమ, పాపికొండల వైపు వాళ్లెవరైనా ఉంటే పాత పడవవాళ్లతో ఆ చరణాలు పాడించి, రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. సాగదీసినచోట సాగదీసినట్టే కావాలి. గణాలు నేను కడతాను.