రిమ్ బ్రేక్ రోడ్ బైక్: ముందుగా వీల్స్ మార్చాలా, ఫ్రేమ్ మార్చాలా?

ఐదింటికే_రోడ్డు, హైదరాబాద్

అందరికీ నమస్కారం. నాది 2018లో కొన్న అల్యూమినియం రోడ్ బైక్. రిమ్ బ్రేకులు (ప్యాడ్లు చక్రం అంచునే, అంటే రిమ్మునే పట్టుకునేవి), షిమానో సోరా గేర్లు, వెనక 9 స్పీడ్. బండితో వచ్చిన వీల్సే ఇప్పటికీ నడుస్తున్నాయి. 22 వేల కిలోమీటర్లు తిరిగింది. బండి బరువు 10.4 కిలోలు, నేను 74. వారంలో మూడు రోజులు నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఓఆర్‌ఆర్ సైకిల్ ట్రాక్ మీద తొక్కుతాను. ఆదివారం గండిపేట చుట్టూ, లేదంటే వికారాబాద్ అనంతగిరి దాకా.

మొన్న డిసెంబర్‌లో మొదటి 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు ముగించాల్సిన దూరపు రైడ్) 12 గంటల 10 నిమిషాల్లో ముగించాను. ఈ ఏడాది 300 చేయాలని గట్టిగా ఉంది. 90 వేలు పక్కన పెట్టుకున్నాను. దాంతో 50 ఎంఎం లోతు రిమ్ములున్న కార్బన్ వీల్స్ తీసుకోవడమా, లేక కార్బన్ ఫ్రేమ్ కొని పార్టులన్నీ దానికి ఎక్కించడమా అన్నది తేలడం లేదు. మళ్లీ రెండు మూడేళ్ల దాకా ఇంత డబ్బు దీని మీద పెట్టలేను. రెండింట్లో ఏదైనా చేసినవాళ్లు చెప్పండి.

చిత్తూరు_మిట్ట

ముందు ఒక మాట అడుగుతాను అన్నా. ఆ 12 గంటల 10 నిమిషాల్లో చక్రం తిరగని సమయం ఎంత?

ఐదింటికే_రోడ్డు

ఇప్పుడే చూశాను. ఆగింది 2 గంటల 50 నిమిషాలు. టిఫిన్, రెండు పంచర్లు, మెడ పట్టేస్తే రెండుసార్లు చెట్టు కింద పడుకున్నాను.

చిత్తూరు_మిట్ట

300కి గడువు 20 గంటలు. నువ్వు 200 తొక్కిన తీరు చూస్తే కాళ్లలో దమ్ముంది, వేగం సరిపోతుంది. పోతున్నదంతా ఆగిన చోటే. మెడ, పంచర్లు ఈ రెండూ దారికొస్తే గంట మిగులుతుంది. ఏ వీల్సూ అంత మిగల్చవు.

బరువు సంగతి కూడా లెక్క వేసి చెప్తాను, ఎందుకంటే నేను దాని కోసమే డబ్బు పెట్టాను. హార్స్‌లీ హిల్స్ ఎక్కడానికి నాకు 40 నిమిషాలు పడుతుంది. మనిషి, బండి, నీళ్లు కలిపి 85 కిలోలు. అందులో అర కిలో తగ్గిస్తే మిట్ట మీద కలిసొచ్చేది 14 సెకన్లు. తిరిగే బరువు తగ్గితే రెండింతల లాభం అంటారు చూశావా, అది వేగం పెంచే క్షణంలోనే. ఒకే తీరుగా తొక్కుతూ ఎక్కేటప్పుడు రిమ్ములో గ్రామైనా, బాటిల్‌లో గ్రామైనా ఒకటే. కొత్త వీల్స్‌తో మొదటిసారి ఎక్కినప్పుడు బండి తేలిగ్గా లేచినట్టు అనిపించింది, ఆ సంతోషం నిజమే. పైకెళ్లి గడియారం చూస్తే పాత టైముకి పెద్ద తేడా లేదు.

భీమిలి_రోడ్

కార్బన్ రిమ్ములకి రిమ్ బ్రేకులు అనగానే నాకు ఒళ్లు జలదరిస్తుంది, అందుకే రాస్తున్నాను.

నేను రెండేళ్లు అవే వాడాను. విశాఖ బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా పొద్దున్నే పోతుంటే అంత హాయి మరొకటి లేదు. అక్టోబర్‌లో ఒకసారి అరకు నుంచి తిరిగొస్తూ గాలికొండ దాటాక వాన పట్టుకుంది. ఎస్.కోట వైపు దిగుతున్నాం. మలుపు ముందు లివర్ నొక్కాను, ఏమీ పట్టలేదు. ప్యాడ్లు రిమ్ము మీద నీటిని తుడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది గానీ బండి ఆగదే. మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టేంత సేపు అంతే. తర్వాత ఒక్కసారిగా పట్టింది. ఎదురుగా వస్తున్న జీపు ఆయన పక్కకి తీశాడు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను.

ఎండాకాలం ఇంకో తిప్పలు. పొడుగాటి దిగుడులో బ్రేకు పట్టుకునే ఉంటే ఆ వేడి రిమ్ములో నిలిచిపోతుంది. కార్బన్ వేడిని అల్యూమినియంలా తొందరగా వదలదు. అందుకే ఘాట్లు దిగేవాళ్లు రిమ్ బ్రేక్ బండికి అల్యూమినియం రిమ్మే ఉంచుకోండి. నేను వాటిని అమ్మేసి క్యాంపగ్నోలో జోండా తీసుకున్నాను. దాదాపు కిలోన్నర బరువు, వానలో లివర్ నొక్కితే పడుతుంది. డిస్క్ బండికైతే ఈ బెంగ లేదు, అక్కడ బ్రేకు చక్రం మధ్యలోని డిస్కును పట్టుకుంటుంది, రిమ్మును తాకదు కదా.

డల్లాస్_పెడల్

నేను టెక్సాస్‌లో ఉంటాను, మాది తెనాలి. నా దగ్గర డిస్క్ బండి, 50 ఎంఎం కార్బన్ వీల్స్ ఉన్నాయి కాబట్టి రెండో వైపు చెప్తాను. చదును రోడ్డు మీద గుంపులో గంటకు 35 కిలోమీటర్లు దాటాక తేడా తెలుస్తుంది. అది నిజం, లేదనను. కానీ గాలిని చీల్చడంలో ఎక్కువ భారం మన ఒంటిదే. హ్యాండిల్ కింది వంపులు (డ్రాప్స్) పట్టుకుని మోచేతులు వంచి అరగంట ఉండగలిగితే వచ్చే లాభంతో పోలిస్తే వీల్స్ లాభం చిన్నది. పక్కగాలి గట్టిగా కొట్టినప్పుడు ముందు చక్రం పక్కకి లాగుతుంది. ఇక్కడ మైదానంలో అది రోజూ ఉండే గొడవే, మీ ఓఆర్‌ఆర్ పక్కన ఎలా ఉంటుందో మీకే తెలియాలి.

ఇక్కడి పల్లె రోడ్లు చాలావరకు చిప్‌సీల్, అంటే తారు మీద కంకర పరిచి నొక్కిన గరుకు రోడ్లు. వాటి మీద నాకు అన్నిటికన్నా ఎక్కువ సుఖమిచ్చింది 25 మి.మీ. వెడల్పువి తీసి 28 టైర్లు వేసి గాలి తగ్గించడం. గాలి రాయిలా బిగించి కొడితే చక్రం ప్రతి గరుకుకీ ఎగిరిపడుతుంది. ఆ ఎగరడంలోనే మన శ్రమ పోతుంది.

చక్రం_మేస్త్రి

ఇరవై ఏళ్లుగా చక్రాలు అల్లుతున్నాను. ఇక్కడ అందరూ వేగం గురించే మాట్లాడుతున్నారు, నాకు ఆ 22 వేల కిలోమీటర్ల రిమ్ము గురించి భయంగా ఉంది.

తమ్ముడూ, ఇవాళ సాయంత్రం ఒక పని చెయ్యి. స్టీలు స్కేలు తీసుకుని, బ్రేకు ప్యాడ్ రాసుకునే పట్టీ మీద నిలువుగా ఆనించు. వెనక నుంచి టార్చి వెయ్యి. పట్టీ చదునుగా ఉంటే వెలుతురు కనపడదు. మధ్యలో నెలవంకలా వెలుతురు కనిపించిందంటే అక్కడ లోహం అరిగిపోయినట్టే. కొన్ని రిమ్ములకి అరుగుదల చుక్కో గాడో ఉంటుంది, అది మాయమైతే రిమ్ముకి కాలం చెల్లింది. పలచబడిన గోడ టైరులో గాలి ఒత్తిడికి బయటికి చీలిపోతుంది. అది దిగుడులో, బ్రేకు పట్టినప్పుడే జరిగే అవకాశం ఎక్కువ.

ప్యాడ్లు కూడా తీసి చూడు. వానాకాలం ఇసుక ప్యాడ్‌లో దిగితే రిమ్మును ఆకురాయిలా గీస్తుంది. మెరిసే తునకలు కనిపిస్తే అవి నీ రిమ్ము ముక్కలే. పిన్నీసుతో పీకేసి, ప్యాడ్‌ను గరుకు కాగితం మీద రుద్ది మళ్లీ పెట్టుకో.

చక్రం మధ్యలోని హబ్‌లో గోళీలు గరగర లేకుండా తిరుగుతుంటే మొత్తం చక్రం మార్చక్కర్లేదు, రిమ్ము, స్పోకులు మార్చి అల్లించుకోవచ్చు. కొత్త హబ్ కావాలంటే 11 స్పీడ్ బాడీ (వెనక గేర్ల గుత్తి, అంటే క్యాసెట్ ఎక్కే భాగం) ఉన్నదే తీసుకో. లోపల 1.85 మి.మీ. స్పేసర్ వేస్తే నీ 9 స్పీడ్ క్యాసెట్ దాని మీద చక్కగా కూర్చుంటుంది, రేపు షిమానో 105 గేర్లకి మారినా అదే చక్రం పనికొస్తుంది. నీ బరువుకి వెనక 28 లేదా 32 స్పోకులు. ఒక స్పోకు తెగినా మిగతావి ఇల్లు చేర్చాలి, బ్రెవే తొక్కేవాడికి అది ముఖ్యం.

పాత_ఇనుము, వరంగల్

ఫ్రేమ్ మార్చినవాడిగా చెప్తున్నా. నాకు మార్చక తప్పలేదు. బండి కడుగుతుంటే చైన్‌స్టే (వెనక చక్రం వైపు వెళ్లే కింది గొట్టం) వచ్చి బాటమ్ బ్రాకెట్‌కి (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) కలిసే వెల్డు పక్కన వెంట్రుక లాంటి గీత కనిపించింది. పెయింటే పగిలిందేమో అనుకుని గీత చివర మార్కర్‌తో చుక్క పెట్టాను. రెండు వారాలకు గీత చుక్క దాటి 4 మిల్లీమీటర్లు ముందుకెళ్లింది. ఆ రోజు నుంచి ఆ బండి ఎక్కలేదు. అల్యూమినియంకి అక్కడ మళ్లీ వెల్డింగ్ పెట్టించి తొక్కే ధైర్యం నాకు లేదు, ఎవరికీ చెప్పను.

ఫ్రేమ్ మార్చడం ఇల్లు మారినట్టే. పాత ఇంటి కర్టెన్లు కొత్త కిటికీలకు సరిపోవు. నా పాత ఫ్రేమ్‌లో బాటమ్ బ్రాకెట్ మరతో బిగించే రకం, కొత్తది నొక్కి దించే ప్రెస్ ఫిట్. సీట్ పోస్ట్ సైజు వేరు. ముందు గేరు మార్చే డిరైలర్ క్లాంప్ వేరు. హెడ్‌సెట్, కేబుళ్లు, అవుటర్లు, కూలీ అన్నీ కలిపితే ఫ్రేమ్ ధర మీద ఇంకో 14 వేలు పోయింది.

అసలు చిక్కు ఇంకోటుంది. ఇప్పుడు కొత్తగా వచ్చే రోడ్ ఫ్రేములు దాదాపు అన్నీ డిస్క్‌వే. నీ వెనక హబ్ 130 మి.మీ. వెడల్పు, క్విక్ రిలీజ్ (చేతి పిడితో బిగించే సన్న ఇరుసు). డిస్క్ ఫ్రేమ్‌కి 142 మి.మీ., 12 మి.మీ. లావు త్రూ యాక్సిల్ (ఫ్రేమ్ గుండా దూర్చి బిగించే ఇరుసు). పాత చక్రాలు పట్టవు, బ్రేకులు పట్టవు, హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో పనిచేసే) డిస్క్ బ్రేకులైతే లివర్లు కూడా మార్చాలి. చివరికి మిగిలేది హ్యాండిల్, సీటు, పెడళ్లు, గేర్లు లాంటివే. అంటే 90 వేలతో మొదలుపెట్టి కొత్త బండి ఖరీదు పెట్టినా సగం పాత బండే చేతికొస్తుంది. పగులు లేకపోతే ఫ్రేమ్ జోలికి పోవద్దు.

కరకట్ట_రైడర్, విజయవాడ

పగులు లేకపోయినా ఫ్రేమ్ మార్చాల్సిన సందర్భం ఒకటుంది. మెడ పట్టేసిందని రాశారు కాబట్టి చెప్తున్నాను.

నా మొదటి బండి ఒక తెలిసినాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, 54 సైజు. నా ఎత్తు 161 సెం.మీ. ప్రకాశం బ్యారేజీ దాటి కరకట్ట మీద 40 కిలోమీటర్లు వెళ్లేసరికి మెడ నుంచి భుజం దాకా సలపరం, చిటికెన వేళ్లు తిమ్మిరి. స్టెమ్ (హ్యాండిల్‌ను బండికి కలిపే ముక్క) 110 మి.మీ. తీసి 80 వేశాను. కొంత తగ్గింది గానీ హ్యాండిల్ తేలికైపోయి దిగుడులో వణికేది. ఒంటికి తగ్గట్టు బండి కొలతలు సరిచూసే ఫిట్టింగ్ చేసినాయన చివరికి ఫ్రేమే పెద్దది అని తేల్చారు. రీచ్ (హ్యాండిల్ వైపు ఫ్రేమ్ ఎంత ముందుకుందో చెప్పే కొలత) 390 మి.మీ. నుంచి 370 ఉన్న ఫ్రేమ్‌కి మారాను. 20 మిల్లీమీటర్లే. మొన్న 200 తొక్కి ఇంటికొచ్చి వంట చేసుకున్నాను, మెడ గుర్తే రాలేదు.

మీరు ముందు ఫిట్టింగ్ చేయించుకోండి అన్నయ్యా. స్టెమ్, స్పేసర్లతో సర్దుకుంటే వీల్స్ గురించి ఆలోచించండి. సర్దుకోకపోతే ఆ ఫ్రేమ్‌కి ఎంత మంచి వీల్స్ వేసినా మెడనొప్పి మెడనొప్పే.

ఐదింటికే_రోడ్డు

పది రోజుల తర్వాత రాస్తున్నాను. మేస్త్రి గారూ, ముందుగా మీకు దండం. ముందు రిమ్ము పర్వాలేదు. వెనకది స్కేలు ఆనించి టార్చి వేస్తే నెలవంకే. మా అబ్బాయి పక్కనుండి చూసి "నాన్నా, వెలుతురు వస్తోంది" అన్నాడు. అరుగుదల చుక్క ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. దీంతోనే అనంతగిరి దిగుతూ వచ్చాను ఇన్నాళ్లు.

ఫిట్టింగ్ కూడా అయింది. ఫ్రేమ్ సైజు సరైనదే. సీటు 12 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తులో ఉంది, హ్యాండిల్ బాగా కిందికుంది. స్టెమ్ తిరగేసి బిగించారు, సీటు దించారు. వెల్డులన్నీ తుడిచి టార్చితో చూశాను, ఎక్కడా గీత లేదు. ఫ్రేమ్ ఉంటుంది.

కార్బన్ వీల్స్ ఆలోచన మానుకున్నాను. రెండు చక్రాలూ అల్యూమినియం రిమ్ములతో, 11 స్పీడ్ హబ్‌తో అల్లించడానికి ఇచ్చాను, 26 వేలు. బ్రేకు క్యాలిపర్ కింద 28 టైరు పట్టి మూడు మిల్లీమీటర్ల సందు ఉంది, కాబట్టి 28 టైర్లే తెప్పించాను. పాతవి కాటా మీద పెడితే ఒక్కోటి 360 గ్రాములు తూగింది, వీటి బరువు 250 లోపే. మిగిలింది డిస్క్ బండి కోసం బ్యాంకులో పడేశాను. సెప్టెంబర్ 2025లో సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది కదా, రెండేళ్లలో అందుకోగలననిపిస్తోంది.

చక్రం_మేస్త్రి

మంచి పని చేశావు. కొత్త చక్రాలు మొదటి 300 కిలోమీటర్లలో కొంచెం సర్దుకుంటాయి. ఆ తర్వాత ఒకసారి పట్టుకొచ్చి బెండు చూపించు, స్పోకులు బిగించి ఇస్తారు. బ్రెవేకి ముందు రోజు మాత్రం కొత్తవేవీ ఎక్కించకు.

ఐదింటికే_రోడ్డు

అలాగే గురువు గారూ. చక్రాలు శుక్రవారం చేతికొస్తాయి. శని, ఆదివారాలు 150, 150 తొక్కి సోమవారమే తీసుకెళ్తాను. పాత వెనక హబ్ గోళీలు శుభ్రంగా తిరుగుతున్నాయి, 32 రంధ్రాలు. ఎవరికైనా అల్లించుకోవడానికి కావాలంటే నార్సింగి వచ్చి తీసుకెళ్లండి, డబ్బులేమీ వద్దు.