కోఆర్డినేటర్ మారిన ప్రతిసారీ క్వార్టర్‌బ్యాక్ నిజంగా వెనకబడతాడా?

మూడో డౌన్:

అమెరికన్ ఫుట్‌బాల్‌లో పెద్ద లీగైన ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌లు క్రమం తప్పకుండా చూడటం మొదలుపెట్టి ఆరేళ్లయింది. బంతి విసిరి దాడిని నడిపే యువ క్వార్టర్‌బ్యాక్ ఎవరు తడబడినా, ‘మూడేళ్లలో ముగ్గురు కోఆర్డినేటర్లు (జట్టు దాడి వ్యూహం చూసే కోచ్‌లు) మారితే అతను మాత్రం ఏం చేస్తాడు’ అని వ్యాఖ్యాతలు వెనకేసుకురావడం వింటూనే ఉన్నాను. ఇందులో నిజమెంతో, సాకెంతో తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను.

2005 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట) మొదటి ఎంపికగా ఫార్టీనైనర్స్‌లో చేరిన అలెక్స్ స్మిత్‌కు తొలి నాలుగేళ్లలో మైక్ మెక్‌కార్తీ, నార్వ్ టర్నర్, జిమ్ హోస్ట్లర్, మైక్ మార్ట్జ్ వరుసగా కోఆర్డినేటర్లయ్యారు. తొలి సీజన్‌లో 1 టచ్‌డౌన్ పాస్ (స్కోరు తెచ్చే పాస్), 11 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థికి చిక్కిన పాస్‌లు) నమోదు చేసిన ఆ ఆటగాడే, 2011లో జిమ్ హార్బా హెడ్ కోచ్‌గా వచ్చాక 17 టచ్‌డౌన్లు, 5 ఇంటర్‌సెప్షన్లతో ఆడాడు. జట్టు 13-3తో సీజన్ ముగించింది. మార్పులే అతని తొలి ఆరేళ్లనూ తినేశాయని అనుకుందామంటే జారెడ్ గాఫ్ సంగతి పొసగడం లేదు. 2016లో రామ్స్ తరఫున స్టార్టర్‌గా దిగిన 7 మ్యాచ్‌లూ ఓడిన గాఫ్, మరుసటి ఏడు హెడ్ కోచ్‌గా షాన్ మెక్‌వే రాగానే 28 టచ్‌డౌన్లు వేసి 7 ఇంటర్‌సెప్షన్లే ఇచ్చాడు. ఒకరిని ముంచిన మార్పే ఇంకొకరిని గట్టెక్కించింది.

సిస్టమ్ మారినప్పుడు ఆటగాడు నిజంగా కోల్పోయేది ఏమిటి? కొత్త ప్లేబుక్ (ఎత్తుగడల పుస్తకం) బట్టీపట్టడమే కష్టమైతే, రోజంతా అదే పనిలో ఉండేవాడికి ఒక వేసవి చాలదా?

ఐదడుగుల డ్రాప్:

బట్టీపట్టడానికి ఒక వేసవి చాలుతుందండి. చాలనిది కాళ్లకు.

ముందు మాటల సంగతి చెబుతాను. కోరియెల్ సిస్టమ్‌లో ప్రతి రూట్‌కూ (పాస్ అందుకునే రిసీవర్ పరుగెత్తే దారి) ఒక అంకె ఉంటుంది, వరుసగా మూడంకెలు పలికితే ముగ్గురు రిసీవర్లు ఎటు పరుగెత్తాలో తేలిపోతుంది. వెస్ట్ కోస్ట్ పద్ధతిలో అంకెల స్థానంలో పేర్లుంటాయి, ఫార్మేషన్ (ఆటగాళ్లు నిలబడే అమరిక) నుంచి ప్రొటెక్షన్ (క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే పద్ధతి) దాకా అన్నీ చేరి, ఏ ప్లే ఆడాలో చెప్పే ఒక్కో కాల్ చాంతాడంత అవుతుంది. అర్హార్ట్-పెర్కిన్స్ పద్ధతిలో ఒక్క పదమే మొత్తం కాన్సెప్ట్‌ను చెబుతుంది, ఎవరు ఎక్కడ నిలబడినా ఆ పదం మారదు. మూడింటిలోనూ మైదానం మీద గీసే గీతలు చాలావరకు అవే కాబట్టి, తెలివైన కుర్రవాడు పేర్లు నేర్చుకోగలడు. అయితే ప్లే మొదలుపెట్టడానికి గడువు చూపే ప్లే క్లాక్ 40 సెకన్లు, కోచ్ మాట వినిపించే హెల్మెట్‌లోని రేడియో 15 సెకన్లు మిగిలి ఉండగానే మూగబోతుంది. కాల్‌ను మనసులో పాత భాషలోకి మార్చుకోవడానికి నాలుగైదు సెకన్లు పోయాయంటే, సేఫ్టీలు (ప్రత్యర్థి డిఫెన్స్‌లో బాగా వెనక నిలబడేవాళ్లు) ఎక్కడున్నారో చూసుకోవడానికి దక్కాల్సిన సమయంలోంచే పోయినట్టు. ఆ సంగతి టీవీలో మనకు కనిపించదు.

ఇక కాళ్లు. ఐదడుగులు వెనక్కి వేసి, ఐదో అడుగు నేలకు తాకగానే మొదటి రిసీవర్‌కు విసరాలి. అక్కడ దారి లేకపోతే చిన్న హిచ్ అడుగు ముందుకు వేసి రెండోవాడిని చూడాలి. అంటే ఎవరిని ఎప్పుడు చూడాలో కళ్లకు పాదాలే చెబుతాయి. కొత్త కోచ్ అదే రూట్‌ను షాట్‌గన్ (క్వార్టర్‌బ్యాక్ ముందే వెనక నిలబడి బంతి అందుకునే అమరిక) నుంచి మూడడుగులతో వేయించాడంటే, పేరు పాతదే అయినా గడియారం మారిపోయినట్టే. ప్రొటెక్షన్ కూడా ఇలాంటిదే. ఒక చోట ‘మైక్’ లైన్‌బ్యాకర్ (ఎవరిని ఎవరు అడ్డుకోవాలన్న లెక్క మొదలయ్యే ప్రత్యర్థి) ఎవరో సెంటర్ (బంతిని వెనక్కి అందించేవాడు) చెబుతాడు, ఇంకో చోట ఆ బాధ్యత క్వార్టర్‌బ్యాక్‌ది. ఒక చోట అదనపు బ్లిట్జర్ (క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చేవాడు) వస్తే హాట్ రూట్‌కు వెంటనే విసిరేయాలి, ఇంకో చోట రన్నింగ్ బ్యాక్ అడ్డుపడతాడన్న నమ్మకంతో నిలబడాలి.

నేను మూడు సీజన్లు ఒక హైస్కూల్ జట్టుకు సహాయ కోచ్‌గా పనిచేశాను. రెండో ఏడాది హెడ్ కోచ్ మారారు. మా క్వార్టర్‌బ్యాక్ చదువులోనూ చురుకైనవాడు, రెండు వారాల్లో ప్లేబుక్ అప్పజెప్పాడు. అయినా మొదటి రెండు మ్యాచ్‌లలో ప్రతి అవుట్ రూట్‌కూ (మైదానం అంచువైపు మళ్లే దారి) బంతి అర అడుగు ఆలస్యంగా చేరి, రిసీవర్‌ను కాచే ప్రత్యర్థి కార్నర్‌బ్యాక్ చేతికి తగిలేది. చేతిలో బలం తగ్గిందేమోనని కంగారుపడ్డాం. ఫిల్మ్ నెమ్మదిగా తిప్పి చూస్తే ఫేస్‌మాస్క్ వెనక పెదవులు కదులుతున్నాయి. ఒకటి, రెండు, మూడు అని అడుగులు లెక్కపెట్టుకుంటున్నాడు!

గోల్‌లైన్:

ఐదడుగుల డ్రాప్ గారు చెప్పింది కాదనను. అయినా ఈ వాదనలో కార్యకారణాలు తలకిందులయ్యే ప్రమాదం ఉంది. గెలిచే జట్లు కోచ్‌లను మార్చవు, ఓడే జట్లే మారుస్తాయి. క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి కాపాడే లైన్ బలహీనంగా ఉండి, రిసీవర్లు అంతంతమాత్రంగా ఉండి ఓడిపోతుంటే కోచ్‌ను పంపేస్తారు, ఆ తర్వాత క్వార్టర్‌బ్యాక్ వైఫల్యాన్నంతా కోచ్ మార్పు ఖాతాలో రాస్తారు. డేవిడ్ కార్ 2002లో టెక్సన్స్ తొలి సీజన్‌లోనే 76 సార్లు సాక్ అయ్యాడు (బంతి విసిరేలోపే పడగొట్టారు). ఆ దెబ్బలు తిన్నవాడికి ఒకే కోచ్ పదేళ్లున్నా ఎంత మేలు జరిగేదో నాకు అనుమానమే. గాఫ్ విషయంలోనూ మెక్‌వే ఒక్కడే రాలేదు. అదే 2017లో లైన్‌లో లెఫ్ట్ టాకిల్‌గా ఆండ్రూ విట్‌వర్త్, రిసీవర్లుగా రాబర్ట్ వుడ్స్, కూపర్ కప్ చేరారు. ఇవన్నీ పక్కన పెట్టి ఒక్క మెక్‌వేకే హారతి పట్టడం నాకు నచ్చదు.

పైగా మార్పు ఏ వయసులో వస్తుందన్నది కూడా చూడాలి. బేకర్ మేఫీల్డ్‌ను బ్రౌన్స్‌లో రెండో ఏడాదే కొత్త హెడ్ కోచ్‌కు అప్పగిస్తే 22 టచ్‌డౌన్లకు 21 ఇంటర్‌సెప్షన్లు వచ్చాయి. అదే మేఫీల్డ్ 2024లో, బక్కనీర్స్‌లో రెండేళ్లలో రెండో కోఆర్డినేటర్ కింద 41 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. అప్పటికి అది అతని ఏడో సీజన్.

పాత ఫిల్మ్:

లెక్కించాల్సింది కోచ్‌లను కాదు, భాషలను. బిల్స్ జట్టు చూడండి. 2018 నుంచి నాలుగేళ్లు బ్రయన్ డేబోల్ దగ్గర ఉన్న జాష్ అలెన్ కంప్లీషన్ శాతం (విసిరిన పాస్‌లలో సరిగ్గా అందినవి) తొలి ఏడు 52.8, రెండో ఏడు 58.8, మూడో ఏడు 69.2. మూడో ఏడు రిసీవర్ స్టెఫాన్ డిగ్స్ వచ్చాడన్న మాట నిజమే, గోల్‌లైన్ గారు అనేలోపు నేనే ఒప్పుకుంటున్నాను. 2022లో డేబోల్ జెయింట్స్‌కు హెడ్ కోచ్‌గా వెళ్లిపోతే, క్వార్టర్‌బ్యాక్ కోచ్‌గా ఉన్న కెన్ డోర్సీకే కోఆర్డినేటర్ పదవి ఇచ్చారు. 2023 నవంబర్‌లో డోర్సీని తొలగించినప్పుడూ క్వార్టర్‌బ్యాక్ కోచ్ జో బ్రేడీనే పైకి తెచ్చారు. మనుషులు ముగ్గురు మారారు గానీ, రెండు సార్లూ వచ్చినవాడు అదే గదిలో కూర్చుని అలెన్‌తో అవే మాటలు మాట్లాడినవాడు. 2024లో అలెన్ ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు.

చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ విషయంలో ఇది ఇంకా స్పష్టం. కోఆర్డినేటర్ నాగీ అయినా బియెనిమీ అయినా, సిస్టమ్ హెడ్ కోచ్ ఆండీ రీడ్‌ది. హెడ్ కోచ్ డిఫెన్స్ మనిషైనప్పుడే అసలు చిక్కు వస్తుంది. క్వార్టర్‌బ్యాక్ బాగా ఆడితే అతని కోఆర్డినేటర్‌ను ఇంకో జట్టు హెడ్ కోచ్‌గా ఎగరేసుకుపోతుంది, ఆడకపోతే సొంత జట్టే ఇంటికి పంపుతుంది. ఎటు చూసినా కుర్రవాడికి కొత్త గురువు తప్పడు. అలాంటి చోట లోపలివాడిని పైకి తేవడమా, బయటి నుంచి కొత్త భాషను తేవడమా అన్న నిర్ణయం డ్రాఫ్ట్ ఎంపికంత బరువైనదని నా అభిప్రాయం.

మూడో డౌన్:

అందరికీ ధన్యవాదాలు. భాష మారడం వేరు, మనిషి మారడం వేరన్నది నాకు కొత్త విషయం. ఐదడుగుల డ్రాప్ గారూ, మీ కుర్రవాడు చివరికి కుదురుకున్నాడా? టీవీలో చూసే మాలాంటివాళ్లకు ఆ తేడా ఎక్కడ తెలుస్తుంది?

ఐదడుగుల డ్రాప్:

సెప్టెంబర్‌లో ప్లే క్లాక్ మీద కన్నేసి ఉంచండి. ప్రతి స్నాప్ (బంతి అందించి ప్లే మొదలుపెట్టడం) రెండు మూడు సెకన్లు మిగిలి ఉండగా జరుగుతుంటే, టైమౌట్లు మొదటి క్వార్టర్‌లోనే ఖర్చవుతుంటే, అక్కడ అనువాదం నడుస్తోందని అనుమానించవచ్చు. నవంబర్‌కు కూడా అలాగే ఉంటే తప్పు కుర్రవాడి ఒక్కడిదే అనలేం, కాల్‌ను ఆలస్యంగా పంపేవాడిని కూడా అడగాలి.

మావాడికి ఎనిమిదో మ్యాచ్ నాటికి షాట్‌గన్ ప్లేలలో పెదవులు కదలడం ఆగింది. డిఫెన్స్‌కు వీపు తిప్పి మళ్లీ చూడాల్సిన ప్లే యాక్షన్‌లో (బంతి రన్నింగ్ బ్యాక్‌కు ఇచ్చినట్టు నటించి విసరడం) మాత్రం సీజన్ ముగిసేదాకా లెక్కపెడుతూనే ఉన్నాడు.