హమామ్ నడిమి రాయి: 'గోబెక్ తాషి'ని బొడ్రాయి అందామా?

గుంపులోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం. ఒక మాట గురించి మీ అభిప్రాయం కావాలి. కాస్త పొడుగు టపా, ఓపిగ్గా చదవండి.

పోయిన నెల ఇస్తాంబుల్ వెళ్ళొచ్చాను. ఇది రెండోసారి. 2014లో మొదటిసారి వెళ్ళినప్పుడే ఆ ఊరు మనసుకు పట్టేసింది. మళ్ళీ వెళ్ళాలని అప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాను. ఈసారి చాలా మారాయి. అప్పుడు మ్యూజియంగా చూసిన ఆయా సోఫియా 2020 నుంచి మసీదు. ధరలు వింటే గుండె గుభేలుమంది. ఎమినోను రేవులో పడవల కూత, గలతా వంతెన మీద గాలాలు పట్టుకుని వరసగా నిలబడే మనుషులు మాత్రం అలాగే ఉన్నారు. వాళ్ళను చూశాక ప్రాణం కుదుటపడింది.

తప్పకుండా మళ్ళీ చేయాలనుకున్న పని ఒక్కటే, చెంబెర్లితాష్ హమామ్‌లో స్నానం. 1584లో సినాన్ అనే గొప్ప వాస్తుశిల్పి కట్టిన స్నానశాల అది. కట్టించింది నూర్బాను సుల్తాన్, రెండో సెలీమ్ భార్య, మూడో మురాద్ తల్లి. ట్రామ్ దిగితే నాలుగడుగులే. పక్కనే రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ నిలబెట్టిన స్తంభం ఉంటుంది. పగుళ్ళిచ్చిన ఆ రాతికి ఇనుప పట్టీలు బిగించారు. చెంబెర్ అంటే చుట్టుపట్టీ, తాష్ అంటే రాయి. పేటకు పేరు అలా వచ్చింది. తాష్ అన్న మాట నాకు ఒంటబట్టింది అక్కడే.

లోపల వేడి గది మధ్యలో పెద్ద పాలరాతి గద్దె ఉంటుంది. కింద నుంచి వేడి. పైన గుమ్మటానికి గుండ్రటి కంతలు, వాటికి గాజు బిళ్ళలు. వాటిని 'ఏనుగు కళ్ళు' అంటారు, ఫిల్ గోజు. (ఫిల్ అనగానే హైదరాబాద్‌లోని ఫీల్‌ఖానా గుర్తొచ్చింది, ఏనుగులను కట్టేసిన చోటు.) ఆ కళ్ళలోంచి పడే వెలుగు ఆవిరిలో కర్రల్లా నిలబడి కనిపిస్తుంది. పెష్తెమాల్ అనే గళ్ళ తుండు చుట్టుకుని ఆ రాతి మీద పడుకోవాలి. ఒళ్ళు చెమర్చాక నాతిర్, అంటే ఆడవాళ్ళకు స్నానం చేయించే ఆవిడ, వస్తుంది. చేతికి కెసె అనే గరుకు తొడుగు వేసుకుని రుద్దితే మట్టి వత్తులు వత్తులుగా రాలింది. అచ్చం నలుగు పెట్టినట్టే. ఆ తర్వాత దిండు గలేబులాంటి గుడ్డసంచిని సబ్బునీళ్ళలో ముంచి, గాలి నింపి పిండితే మెడదాకా నురుగు.

మా నాతిర్‌కు అరవై ఏళ్ళుంటాయి. నన్ను 'కిజిమ్' అంది, అమ్మాయీ అని. మొదటిసారి నాకు టర్కిష్ ఒక్క ముక్క రాదు. ఈసారి రెండేళ్ళు ఫోన్‌లో నేర్చుకుని వెళ్ళాను కాబట్టి, రాతిని చేత్తో తట్టి దీన్నేమంటారని అడిగాను. 'గోబెక్ తాషి' అంది. తాష్ తెలుసు. గోబెక్ అర్థం కాలేదని గ్రహించి, నవ్వుతూ నా బొడ్డు మీద వేలు పెట్టి చూపించింది.

బొడ్డు రాయి! బొడ్రాయి!

ఆవిరి గదిలో పడుకుని పైకే అనేశాను. మా ఊరి నడిబొడ్డున పసుపు కుంకుమలతో ఉండే రాయి పేరు, ఇక్కడ సుల్తానుల నాటి స్నానశాల నడిబొడ్డున ఉన్న రాయికి ఉంది. భాషలకు చుట్టరికం లేదు, అయినా ఆలోచన ఒక్కటే.

నా ప్రశ్న: ఈ ప్రయాణం గురించి రాస్తున్న వ్యాసంలో గోబెక్ తాషిని 'బొడ్రాయి' అని రాయవచ్చా?

కరీంనగర్ సభ్యుడు: మాట కుదిరింది కానీ నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదండీ. మాకు బొడ్రాయి అంటే దేవుడు. ప్రతిష్ఠ చేసినప్పుడు ఊరి ఆడబిడ్డలందరినీ అత్తగారిళ్ళ నుంచి పిలుచుకుంటాం. బిందెలతో నీళ్ళు తెచ్చి పోస్తాం. దాని మీద కాలు పెట్టే మాటే లేదు. మీరేమో 'బొడ్రాయి మీద పడుకున్నాను' అని రాస్తారు. మా అమ్మ చదివితే లెంపలు వేసుకుంటుంది.

నేను: అన్నా, ఈ మాట నాకు తట్టనే లేదు. మీరన్నది నిజం. 'బొడ్రాయి మీద పడుకున్నాను' అని ఒకసారి పైకి చదువుకుంటే నాకే ఏదోలా అనిపించింది.

జర్మనీ నుంచి ఒక సభ్యుడు: ఇక్కడ టర్కీవాళ్ళ మధ్యే ఉంటాను కాబట్టి రెండు మాటలు. గోబెక్ అంటే బొడ్డు మాత్రమే కాదు, పొట్ట కూడా. బొడ్డుతాడును 'గోబెక్ బాయి' అంటారు, బాయ్ అంటే కట్టు. తవ్వకాల్లో బయటపడిన పదకొండు వేల ఏళ్ళ నాటి గోబెక్లి తెపె పేరు విని ఉంటారు, అది బొజ్జ గుట్ట. ఇంకోటి, మీరు పడుకున్న రాతి కింద బోలుగా ఉంటుంది. నేలను ఇటుక దిమ్మెల మీద నిలబెట్టి, కొలిమిలోని వేడి పొగను ఆ ఖాళీలోంచి పంపిస్తారు. రోమన్ల నాటి పద్ధతి. ఆ చోటి పేరు 'జెహెన్నెమ్లిక్'. అందులో ఉన్నది మన హైదరాబాదీలు కోపంలో అనే జహన్నుమే! నరకం మీద బొడ్డు, బొడ్డు మీద మనం.

హైదరాబాద్ సభ్యురాలు: ఇస్తాంబుల్ దాకా పోనక్కర్లేదు. ఇబ్రహీంబాగ్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర హమామ్ ఉంది. అది బతికున్నవాళ్ళ స్నానానికి కాదు, ఖననానికి ముందు రాజకుటుంబీకుల భౌతికకాయాలకు చేయించే కడపటి స్నానానికి. అందులోనూ మధ్యలో గద్దె ఉంది. మా నాన్నగారు చూపిస్తూ 'నడిమి అరుగు' అన్నారు. మనిషి కూర్చునేది, పడుకునేది అరుగే కదా. రాయి అనే మాట వదిలేసి అరుగు పట్టుకోండి. ఇంకో సంగతి, హమామ్ అంటే మా పిల్లలకు సబ్బు ఒక్కటే తెలుసు. టాటా ఆయిల్ మిల్స్ వాళ్ళు పెట్టిన పేరు ఇంటింటికీ వెళ్ళింది, అసలు అర్థం మాత్రం వెళ్ళలేదు. వేడి అనే అర్థమున్న అరబ్బీ ధాతువు నుంచి వచ్చిన మాట అది.

నేను: అక్కా, మీ అరుగు బాగా నచ్చింది. ఎండాకాలం రాత్రి మా తాతగారి అరుగు మీద వెల్లకిలా పడుకుంటే పగటి వేడి వీపుకు తగిలేది. ఆ రాతి మీద నాకు కలిగింది ఆ హాయే. బొడ్డును మాత్రం వదులుకోలేను, ఆ మాటలోని అందమంతా అందులోనే ఉంది. బొడ్డు + అరుగు = బొడ్డరుగు. ఉత్వసంధి. కరీంనగర్ అన్నా, ఇది సరేనా?

కరీంనగర్ సభ్యుడు: బొడ్డరుగు మీద పడుకోండి, అభ్యంతరం లేదు. మొదటిసారి వచ్చినచోట మాత్రం 'మన బొడ్రాయిలాంటి పేరు' అని ఒక ముక్క రాయండి. ఆ పోలిక పోకూడదు.

విజయనగరం నుంచి ఒక పెద్దావిడ: అందరూ రాయి దగ్గరే ఆగిపోయారు, స్నానం సంగతి చూడండమ్మా. మా వైపు బొడ్డూడని పసిబిడ్డను మంత్రసాని చాచిన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేది. నా నలుగురు పిల్లలకూ అలాగే జరిగింది. మనిషికి మొదటి బొడ్డరుగు ఆ కాళ్ళేనేమో. ఆఖరి చెంబు నీళ్ళు బిడ్డ చుట్టూ దిష్టి తిప్పి పారబోసి 'శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు' అనేవాళ్ళు. ఆ ఊళ్ళో స్నానం అయ్యాక ఏమైనా అంటారా?

నేను: అంటారమ్మా. మీరు అడిగినందుకు ఎంత సంతోషంగా ఉందో. 'సిహ్హత్లెర్ ఒల్సున్' అంటారు. సిహ్హత్ అంటే మన ఉర్దూ సేహత్, ఆరోగ్యం. ఒల్సున్ అంటే అగుగాక. మనం 'గాక' చేర్చినట్టు వాళ్ళు చివర 'సున్' చేరుస్తారు. హమామ్ నుంచి వచ్చినవాళ్ళకే కాదు, క్షవరం చేయించుకున్నవాళ్ళకూ చెబుతారు. చాలామంది నోట అది 'సాఅత్లెర్ ఒల్సున్' అయిపోయింది. సాఅత్ అంటే గంట, గడియారం. మొదటిసారి నేను విన్నది ఈ రెండో రూపమే. హోటల్‌కు వెళ్ళి నిఘంటువులో వెతికి, 'నీకు బోలెడు గంటలుండాలి' అనే దీవెన అనుకున్నాను. ఇన్నేళ్ళూ అందరికీ అలాగే చెప్పాను. ఈసారి నాతిర్ ఒత్తి పలికింది కాబట్టి 'హ్హ' వినిపించింది.

తుమ్మితే వాళ్ళు అనేది కూడా చెబుతాను, 'చోక్ యాషా'. చాలాకాలం బతుకు అని. మన 'చిరంజీవ' అదే కదా. దానికి తుమ్మినవాళ్ళు 'సెన్ దె గోర్' అని బదులిస్తారు, నువ్వూ చూద్దువు గాక అని. దీవించినవాళ్ళు కూడా అంతకాలం ఉండాలి కదా మరి.

విజయనగరం పెద్దావిడ: నీళ్ళు తిప్పి పోస్తారా?

నేను: తిప్పలేదమ్మా. తాస్ అనే రాగి గిన్నెతో నెత్తి మీంచి నీళ్ళు గుమ్మరించింది, రెండోది, మూడోది. నా ముఖం మీది జుట్టు వెనక్కి తోసి, గడ్డం పట్టుకుని ఆ మాట అంది. మా నాయనమ్మ తలంటు పోశాక అచ్చం అలాగే గడ్డం పట్టుకునేది.

విజయనగరం పెద్దావిడ: అయితే చాలు. నీకూ శ్రీరామరక్ష.